లండన్‌లో డాక్ సైకిళ్లు: ఈస్ట్ హామ్‌లో ఉంటూ రోజూ తొక్కడం కుదురుతుందా?

లాసన్స్‌బే_వాకర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అక్టోబరు మొదట్లో నేనూ మా ఆవిడా లండన్ వెళ్తున్నాం. డిసెంబరు ఆఖరు దాకా మా అబ్బాయి దగ్గరే, ఈస్ట్ హామ్‌లో. ఇక్కడ పొద్దున్నే కోస్టల్ బ్యాటరీ దగ్గర్నుంచి తెన్నేటి పార్కు దాకా ఇద్దరం సైకిల్ మీద వెళ్లి వస్తాం. మూడు నెలలు ఆ అలవాటు వదులుకోవడం ఇష్టం లేదు. అలాగని అక్కడ సైకిల్ కొనేంత పనీ కాదు.

రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి ఉండే ఎర్ర సైకిళ్లు అద్దెకి ఇస్తారట కదా. గంటకింత అని కట్టి రెండు మూడు గంటలు ఉంచుకోవచ్చా? అబ్బాయి ఇంటి దగ్గర దొరుకుతాయా? మన బ్యాంకు కార్డు పనిచేస్తుందా? తాళం వాళ్లే ఇస్తారా, మనం పట్టుకెళ్లాలా? మా మనవడికి తొమ్మిదేళ్లు, వాడికీ ఒకటి తీసుకోవచ్చా? వాడిన వాళ్లు వివరంగా చెప్తే మేలు.

కంచరపాలెం_కుర్రాడు

చాలా సింపుల్ గురూగారూ. ఆయిస్టర్ కార్డు ట్యాప్ చేస్తే సైకిల్ వచ్చేస్తుంది. మంచి తాళం ఒకటి కొనుక్కుని ఎక్కడ కావాలంటే అక్కడ కట్టేసి షాపింగ్ చేసుకోండి.

ఎంవీపీ_మూడుగేర్లు

పై మాట నమ్మి దిగితే మొదటి రోజే జేబుకి చిల్లు పడుతుంది. ఆయిస్టర్‌తో ఈ సైకిల్ రాదు. అది ట్యూబు (అక్కడి భూగర్భ రైలు), బస్సుల కోసం. తాళం కొనాల్సిన పని కూడా లేదు. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఈ పథకం మొత్తం ఆ ఒక్క సంగతి మీదే నడుస్తుంది.

మన బుర్రలో ఉన్నది సైకిల్ షాపు లెక్క. గంటకింత అని తీసుకోవడం, పనులన్నీ చూసుకుని సాయంత్రం షాపులో అప్పజెప్పడం. లండన్ లెక్క అది కాదు, షేర్ ఆటో లాంటిది. ఒక చోట ఎక్కుతారు, ఇంకో చోట దిగుతారు, దిగాక అది మీది కాదు. మళ్లీ కావాలంటే మళ్లీ ఇంకోటి. ఊళ్లో దాదాపు 800 చోట్ల డాకింగ్ స్టేషన్లున్నాయి (సైకిళ్లు వరసగా తాళం పడి నిలబడే చోట్లు, ఒక్కో సైకిల్ దూరే గాడిని డాకు అంటారు), సైకిళ్లు సుమారు 12,000. సైకిల్‌తో పాటు తాళం ఇవ్వరు. టీ తాగడానికి ఆగినా సరే, దగ్గర్లో ఉన్న డాకులో పెట్టేసి వెళ్లడమే పద్ధతి. గోడకి ఆనించి ఐదు నిమిషాలని లోపలికి వెళ్లి, వచ్చేసరికి సైకిల్ లేకపోతే, అది మీ పేరు మీదే ఉంటుంది. 24 గంటల్లో తిరిగి పెట్టకపోయినా, పాడుచేసినా 300 పౌండ్ల వరకూ లాగుతారు.

పేరు గందరగోళం లేకుండా: ఇది ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ (ఊరి రవాణా సంస్థ) పథకం, యాప్ పేరు శాంటాండర్ సైకిల్స్. 2010 జులై 30న మొదలైనప్పుడు బార్క్లేస్ బ్యాంకు పేరు ఉండేది, 2015 నుంచి శాంటాండర్ పేరు, ఎరుపు రంగు వచ్చాయి. ఊళ్లో వాళ్లు మాత్రం అప్పటి మేయర్ పేరుతో ఇప్పటికీ బోరిస్ బైక్ అంటారు. మూడూ ఒకటే.

డబ్బు సంగతి. 2022 సెప్టెంబరులో పెట్టిన రేటు 30 నిమిషాలకు 1.65 పౌండ్లు. రేట్లు మారుస్తుంటారు కాబట్టి ఆ రోజు యాప్‌లో కనిపించేదే లెక్క. కానీ లెక్కగట్టే పద్ధతి చూడండి: 30 నిమిషాల లోపు అయితే ఒక ముక్క. 31వ నిమిషం పడితే రెండు ముక్కలు, అంటే 3.30. గంటా ఐదు నిమిషాలైతే మూడు ముక్కలు, 4.95. మీరన్నట్టు మూడు గంటలు చేతిలో ఉంచుకుంటే ఆరు ముక్కలు, 9.90. ఇద్దరికీ కలిపి దాదాపు 20 పౌండ్లు. అదే మూడు గంటల్లో మీరు నిజంగా తొక్కేది గంట కూడా ఉండదు, మిగతాదంతా నిలబడి ఫొటోలు తీసుకోవడమే. కాబట్టి తొక్కేటప్పుడే అద్దె, ఆగితే డాకు. ఇదొక్కటి ఒంటబడితే మిగతావన్నీ చిన్న విషయాలే.

నెల సభ్యత్వం తీసుకుంటే ఒక్కో సవారీకి 60 నిమిషాల వరకూ అదనంగా పడదు. 2022 మార్పులో దాని ధర నెలకు 20 పౌండ్లు. ఇరవైని 1.65తో భాగిస్తే 12 పైచిలుకు, అంటే నెలలో 12 సవారీలు దాటేవాళ్లకి లాభం. రోజూ తొక్కే మీకు రెండో వారానికే గిట్టుబాటు. ఇద్దరికీ రెండు సభ్యత్వాలు కావాలి. తీసుకునేటప్పుడు ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందేమో చూసి, డిసెంబరులో బయల్దేరే ముందు ఆపేయండి.

ఇక ఈస్ట్ హామ్. అక్కడ ఈ డాకులు లేవు. పడమర హామర్‌స్మిత్, పట్నీ వైపు నుంచి తూర్పున స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒలింపిక్ పార్కు దాకా, పైన క్యామ్డెన్, కింద బ్రిక్స్‌టన్ దాకా ఈ పథకం పరిధి. మన వాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్, వెంబ్లీ, హారో, సౌతాల్, క్రాయ్‌డన్ అన్నీ బయటే. ఇంటి గుమ్మంలోంచి సైకిల్ ఎక్కుదామనుకుంటే కుదరదు. అయితే దీనికి మంచి దారి ఉంది: ఈస్ట్ హామ్ స్టేషన్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ట్యూబు ఎక్కితే మారకుండా నేరుగా టవర్ హిల్‌లో దిగుతారు. లండన్‌లో సైకిల్ కోసం వేసిన దారుల్లో అన్నిటికన్నా బాగుండే సైకిల్‌వే 3 అక్కడ మీకు తగులుతుంది. దాని గురించి ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది, నాది ఇప్పటికే పొడుగైంది.

మనవడి విషయం: అద్దెకి తీసుకునేవాళ్లకి 18 నిండాలి, తొక్కేవాళ్లకి 14. తొమ్మిదేళ్లవాడికి కుదరదు. సీటు ఎంత దించినా వాడికి నేల అందదు కూడా. బుట్టలోనో వెనకో కూర్చోబెట్టుకోవడం అసలే వద్దు.

లాసన్స్‌బే_వాకర్

మూడుగేర్లు గారూ, ధన్యవాదాలు. షేర్ ఆటో పోలికతో బాగా బోధపడింది. మరి డాకులోంచి బయటికి తీయడం, తిరిగి పెట్టడం ఎలా? సరిగ్గా పెట్టలేదని డబ్బు లాగారన్న మాట ఒకటి రెండు చోట్ల విన్నాను. మా ఆవిడ భయపడుతున్నది కూడా దానికే.

పెదవాల్తేరు_పాన

ఆ భాగం నేను చెప్తాను, తప్పులన్నీ జరిగేది అక్కడే.

యాప్‌లో తాళం తెరిచే కోడ్ అడగక ముందే సైకిల్ ఎంచుకోండి. చూడాల్సినవన్నీ అది డాకులో ఉండగానే చూడొచ్చు. రెండు టైర్లూ బొటనవేలితో గట్టిగా నొక్కండి, లోపలికి పోకూడదు. రెండు బ్రేకు లివర్లూ పట్టండి, హ్యాండిల్ దాకా వచ్చేస్తే అది వద్దు. పెడలు వెనక్కి తిప్పి చూడండి. సీటు కింద బిగింపు పిడి విప్పి, సీటు పైకీ కిందకీ కదులుతోందా, మళ్లీ బిగిస్తే నిలుస్తోందా చూడండి. నొక్కితే మెల్లగా దిగిపోయే సీట్లుంటాయి, పది నిమిషాల్లో మోకాళ్లు పట్టేస్తాయి. సీటు గొట్టం మీద అంకెలుంటాయి, మీకు సరిపడే అంకె గుర్తుపెట్టుకుంటే ప్రతిసారీ కొలుచుకునే బాధ ఉండదు. డాకు మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే ఆ సైకిల్ జోలికి వెళ్లొద్దు.

తర్వాత యాప్‌లో మీరు నిలబడ్డ స్టేషన్ పేరు ఎంచుకుని కోడ్ అడగండి. స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పక్క వీధి స్టేషన్ నొక్కేసి ఇక్కడ కోడ్ కొడితే ఎంతసేపైనా తలుపు తీయదు. ఐదంకెల కోడ్ వస్తుంది. అందులో 1, 2, 3 తప్ప వేరే అంకెలుండవు, ఎందుకంటే డాకు మీద ఉండేవి మూడే మీటలు. కోడ్ 10 నిమిషాలే చెల్లుతుంది. ఆలోపు వాడకపోతే ఇంకోటి అడగాలి. చలికి చేతి తొడుగులు వేసుకుని మీటలు నొక్కితే సగం పడవు, ఒక చేతి తొడుగు తీసేసి నిదానంగా నొక్కండి. ఆరెంజ్ లైటు వెలుగుతుంది, ఆ తర్వాత పచ్చ లైటు. పచ్చది వెలగ్గానే తీయాలి, ఆలోచిస్తూ నిలబడితే మళ్లీ తాళం పడిపోతుంది. హ్యాండిల్ పట్టుకుని లాగితే రాదు. ఒక చేత్తో సీటు పట్టి వెనక భాగం కొంచెం పైకి లేపి, ఒక్క ఊపున వెనక్కి లాగాలి. పాత మోడల్ బరువు 23 కిలోల దాకా ఉంటుంది. మనం ఇక్కడ తొక్కే గేరు సైకిల్ 14, 15 కిలోలు. ఆ తేడా చేతికి తెలుస్తుంది.

పెట్టేటప్పుడు అసలు పరీక్ష. ముందు చక్రం డాకు గాడిలోకి తిన్నగా చూపించి, ఒక అడుగు దూరం నుంచి గట్టిగా తోయండి. మెల్లగా ఆనిస్తే లోపలి కొక్కెం పట్టదు. సైకిల్ నిలబడే ఉంటుంది, చూసేవాళ్లకి పెట్టినట్టే ఉంటుంది, కానీ అద్దె నడుస్తూనే ఉంటుంది. ఎవరైనా వచ్చి పట్టుకుపోయినా అది మీ ఖాతాలోనే. పచ్చ లైటు వెలగాలి. వెలిగాక కూడా సీటు పట్టుకుని ఒకసారి వెనక్కి గుంజి చూడండి, రాకూడదు. ఆ లైటు కొన్ని క్షణాలే ఉంటుంది కాబట్టి, ఫొటోకి తడుముకోవడం కంటే తోసేటప్పుడే ఫోన్‌లో వీడియో పెట్టుకుంటే మేలు. డాకు నంబరు, సైకిల్ నంబరు రెండూ అందులో పడేలా చూసుకోండి. మీరు విన్న గొడవల్లో చాలావరకు ఈ పది సెకన్ల పనిలోనే పుట్టినవి.

పచ్చది రాకుండా ఎర్రది వస్తే ఆ డాకు పనిచేయట్లేదని. తీసి పక్క డాకులో పెట్టండి. ఎర్రదీ రాదు, పచ్చదీ రాదు, సైకిల్ మాత్రం బయటికి రావట్లేదు అన్న సందర్భం ఉంటుంది చూశారా, అప్పుడు కదలకుండా అక్కడే నిలబడి స్టేషన్ టెర్మినల్ (సమాచారం ఉండే స్తంభం) మీద ఉన్న నంబరుకి ఫోన్ చేయాలి. ఇంటికెళ్లి మెయిలు రాద్దాంలే అనుకుంటే అప్పటికే నాలుగు ముక్కల అద్దె పడి ఉంటుంది. ఫోన్ పెట్టేశాక కూడా యాప్‌లో మీ సవారీ ముగిసిందని చూపించే దాకా కదలొద్దు.

తొక్కుతున్నప్పుడు ఏదైనా పాడైతే, ఉదాహరణకి గేరు పడకపోవడం, బ్రేకు కీచుమనడం, సైకిల్ డాకులో పెట్టాక డాకు మీదున్న ఎర్ర మీట నొక్కండి. దాంతో ఆ సైకిల్ ఇంకెవరికీ ఇవ్వకుండా ఆగుతుంది, మీరు పాడుచేశారన్న మాటా రాదు. నొక్కకుండా వెళ్లిపోతే తర్వాత వచ్చినవాడు అదే తగిలించుకుంటాడు.

డాకులన్నీ నిండిపోయి ఉంటే కంగారు పడొద్దు. ఖాళీ లేదని నమోదు చేస్తే 15 నిమిషాలు అదనంగా ఇస్తుంది, దగ్గర్లో ఖాళీ ఎక్కడుందో కూడా చూపిస్తుంది. ఈ 15 నిమిషాలు స్టేషన్ నిజంగా నిండి ఉంటేనే ఇస్తుంది, ఊరికే అడిగితే ఇవ్వదు. ఇంకో మాట: ఒకటి పెట్టేసి వెంటనే మరోటి తీయబోతే ఇవ్వకపోవచ్చు. మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. మంచినీళ్లు తాగడానికి సరిపోతుంది లెండి.

సింహగిరి_సవారీ

కార్డు గురించి ఎవరూ చెప్పలేదు, వైజాగ్‌లో ఉండగానే చేసుకోవాల్సిన పని అది. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం తర్వాత మన కార్డుల్లో విదేశీ వాడకం మూసేసి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి తెరవాలి. షాపులో గీకడానికి ఒక మీట, ఆన్‌లైన్‌కి ఇంకో మీట ఉంటాయి. చాలామంది మొదటిది తెరిచి రెండోది మర్చిపోతారు. సైకిల్ యాప్‌లో కార్డు ఎక్కించడం ఆన్‌లైన్ కిందికి వస్తుంది. దేశంలో మాత్రమే చెల్లే రూపే కార్డు పనికిరాదు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండాలి. యూపీఐ మాట మర్చిపోండి.

ఓటీపీ మన నంబరుకే వస్తుంది. ఎయిర్‌పోర్టులో దిగగానే మన సిమ్ తీసి డబ్బాలో పడేసి అక్కడి సిమ్ వేసుకుంటే ఓటీపీ ఎక్కడికి వస్తుంది? రెండు సిమ్‌ల ఫోన్‌లో మన సిమ్‌కి రోమింగ్ ఆన్ చేసి, దాని డేటా ఆఫ్ చేసి ఉంచండి. ఇంకా మేలైన పని, పౌండ్లు వేసిన ఫారెక్స్ కార్డు. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులైతే ప్రతిసారీ మారకం మీద 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి. రోజుకు నాలుగు చిన్న చెల్లింపులంటే మూడు నెలల్లో అదీ కాస్త తగులుతుంది.

ఒకే కార్డు మీద ఇద్దరికీ రెండు సైకిళ్లు తీయొచ్చు, నాలుగు దాకా ఇస్తారు. ఒక్కో సైకిల్‌కి విడి కోడ్, విడి అద్దె. కానీ సభ్యత్వం అయితే ఎవరిది వాళ్లదే.

సీతమ్మధార_శారద

అన్నయ్యగారూ, వదినగారి వైపు నుంచి రెండు మాటలు.

సైకిల్‌కి మధ్య రాడ్డు లేదు, చైను మొత్తం డబ్బా లోపలే ఉంటుంది, కాబట్టి పంజాబీ డ్రస్సుతో నిశ్చింతగా తొక్కొచ్చు. చున్నీ మాత్రం కోటు లోపల దోపేయాలి. చీర అయితే కుచ్చిళ్లు చైనులో పడవు గానీ వెనక చక్రం వైపు పైట వేలాడుతుంది, పిన్ను పెట్టినా గాలికి ఆగదు. బుట్ట ముందు ఉంటుంది, కానీ పూర్తి బుట్ట కాదు. పక్కలు తెరిచి ఉన్న పళ్లెం లాంటిది, సాగే తాడుతో బిగించాలి. హ్యాండ్‌బ్యాగు అడ్డంగా పెట్టి దాని పట్టీ ఆ తాడు కింద నుంచి తీసి హ్యాండిల్‌కి చుట్టాలి. గతుకులో ఎగిరి పడేది ఎప్పుడూ ఫోనూ, గొడుగే.

గేర్లు మూడే. కుడి చేతి పిడి తిప్పితే మారుతాయి. ఇక్కడ గేరు సైకిల్ తొక్కే అలవాటు ఉన్నవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. వీటి గేర్లు వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు లోపలే ఉంటాయి, పెడలు మీద బలం పెట్టి ఉండగా తిప్పితే పడవు. కాలు తేలిక చేసి, తిప్పి, మళ్లీ తొక్కాలి. సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగా కూడా ఒకటో గేరుకి తేవచ్చు. సిరిపురం నుంచి బీచ్‌కి దిగి మళ్లీ ఎక్కినంత ఎత్తు మీరు తిరిగే నది ఒడ్డున ఎక్కడా రాదు, మూడు గేర్లు చాలు. లైట్లు చక్రం తిరిగితే వాటంతటవే వెలుగుతాయి, ఆగినా కాసేపు వెలుగుతూనే ఉంటాయి. మీటలేవీ వెతక్కండి.

రోడ్డు మనలాగే ఎడమ వైపే కాబట్టి అలవాటు పడక్కర్లేదు. పడాల్సింది బోర్డుల దగ్గర. ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉంటే, దాని మీద అడ్డగీత లేకపోయినా, సైకిల్ రాకూడదని అర్థం. గీత లేదు కదా వెళ్లొచ్చు అనుకుంటారు మన వాళ్లు. నీలం వలయంలో తెల్ల సైకిల్ ఉంటే అది సైకిల్ దారి. బస్ లేన్ బోర్డు మీద సైకిల్ బొమ్మ కూడా ఉంటే అందులో వెళ్లొచ్చు. ఫుట్‌పాత్ మీద తొక్కితే 50 పౌండ్లు, ఎర్ర సిగ్నల్ దాటినా 50 పౌండ్లు జరిమానా. రోడ్డు ఖాళీగా ఉన్నా, తెల్లవారుజామైనా ఎర్ర లైటంటే ఆగడమే. హెల్మెట్ చట్టం అడగదు, పెట్టుకోమని సలహా మాత్రం ఇస్తారు. డాకులో హెల్మెట్ ఇవ్వరు కాబట్టి ఇక్కడి నుంచే సూట్‌కేసులో పెట్టుకెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది లారీలు. ఎడమకి తిరగబోతున్న లారీకి, ఫుట్‌పాత్‌కి మధ్య సందు కనిపిస్తే మన బీచ్ రోడ్డు అలవాటుతో అందులోకి దూరిపోవాలనిపిస్తుంది. దూరొద్దు. ఆ డ్రైవర్‌కి ఎడమ పక్కన ఉన్న మీరు కనపడరు. వెనకే ఆగండి. హారన్ కొట్టి హెచ్చరిస్తాడని కూడా అనుకోకండి, అక్కడ ఎవరూ హారన్ కొట్టరు. తిరిగే ముందు తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడటం, చెయ్యి చాపడం రెండూ కావాలి.

కంచరపాలెం_కుర్రాడు

సారీ గురూగారూ, నేను ఆయిస్టర్ అన్నది తప్పే. రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ ఉండే రంగు రంగుల ఎలక్ట్రిక్ సైకిళ్లు ఉన్నాయి కదా, వాటితో కలిపేసి రాశాను. ఈస్ట్ హామ్‌కి అవి సులువు కాదా మరి?

ఎంవీపీ_మూడుగేర్లు

అవి లైమ్, ఫారెస్ట్ లాంటి ప్రైవేటు కంపెనీలవి. డాకు ఉండదు, సైకిల్ మీద క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేస్తే తాళం తెరుచుకుంటుంది. అద్దె నిమిషాల లెక్క. వాటినీ ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. వెస్ట్‌మిన్‌స్టర్, క్యామ్డెన్ లాంటి చోట్ల గీతలు గీసిన గళ్లలోనే పెట్టి ఫొటో తీసి పంపాలి. లండన్ అంటే ఒకే మునిసిపాలిటీ కాదు, 32 బరోలు, ఇంకా సిటీ ఆఫ్ లండన్. ఏ బరోలో ఏ కంపెనీకి అనుమతి ఉంటే ఆ సైకిళ్లే అక్కడ ఆగుతాయి. మధ్యలో బరో సరిహద్దు దాటి అవతల వదలబోతే యాప్ సవారీ ముగించనివ్వదు, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఎక్కే ముందే, దిగబోయే చోట గడి ఉందా అని మ్యాపులో చూడాలి.

మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల వేగం దాకా మాత్రమే, అది అక్కడి చట్టం. కాలు పెట్టగానే ముందుకి ఉరుకుతాయి. మొదటిసారి ఎక్కేవాళ్లు ఖాళీ చోట రెండు చుట్లు తిరిగి చూసుకోవాలి. ఎర్ర డాకు సైకిళ్లలో కూడా 2022 నుంచి ఎలక్ట్రిక్‌వి కలిపారు. అవే డాకుల్లో ఉంటాయి, అద్దె ఎక్కువ. వ్యాయామం కోసం తొక్కేవాళ్లకి ఆ ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

డాల్ఫిన్‌నోస్_దారి

ఇక దారి సంగతి. టవర్ హిల్ స్టేషన్ బయటికి రాగానే టవర్ కోట కనిపిస్తుంది, చుట్టుపక్కలే డాకులున్నాయి. అక్కణ్నుంచి సైకిల్‌వే 3 పడమరకి వెళ్తుంది. అప్పర్ థేమ్స్ స్ట్రీట్, మధ్యలో చిన్న సొరంగం, బ్లాక్‌ఫ్రయర్స్, ఆ తర్వాత నది ఒడ్డునే విక్టోరియా ఎంబాంక్‌మెంట్, వెస్ట్‌మిన్‌స్టర్ గడియారం. పార్లమెంట్ స్క్వేర్ దాటాక బర్డ్‌కేజ్ వాక్, కాన్‌స్టిట్యూషన్ హిల్ మీదుగా హైడ్ పార్కు కార్నర్. కార్లతో కలవకుండా మధ్యలో గట్టు కట్టిన దారి చాలా దూరం ఉంటుంది. ఎంబాంక్‌మెంట్ మీద నదివైపు ఒకే దారిలో రెండు దిక్కులా సైకిళ్లు వస్తాయి. మధ్య గీతకి ఎడమనే ఉండండి, ఇద్దరూ పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్లే వెడల్పు లేదు. ఆఫీసుల వేళ వెనక నుంచి దూసుకొచ్చేవాళ్లుంటారు. సైకిళ్లకి విడిగా చిన్న సిగ్నల్ లైట్లుంటాయి, కార్ల లైటు చూసి కదలొద్దు.

టవర్ హిల్ నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ సుమారు 4 కిలోమీటర్లు, హైడ్ పార్కు కార్నర్ దాకా అయితే సుమారు 6. సిగ్నళ్లతో కలిపి గంటకు 12 కిలోమీటర్లు పడితే మొత్తం సరిగ్గా 30 నిమిషాలు, అంటే సభ్యత్వం లేకపోతే అంచు మీద నడక. వెస్ట్‌మిన్‌స్టర్ దగ్గర్లో ఖాళీ డాకు యాప్‌లో చూసి ఒకసారి పెట్టేయండి. పది నిమిషాలు వంతెన మీద నిలబడి నది చూసి, ఇంకోటి తీసుకోండి. సభ్యత్వం ఉంటే ఏకబిగిన వెళ్లిపోవచ్చు. హైడ్ పార్కులో అన్ని కాలిబాటల మీదా తొక్కనివ్వరు, నేల మీద సైకిల్ బొమ్మ ఉన్న దారులే మీవి.

ఏ వేళకి వెళ్లాలన్నది ముఖ్యం. పనిరోజుల్లో పొద్దున్నే వాటర్‌లూ, కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషన్ల దగ్గర సైకిళ్లు ఖాళీ అయిపోతాయి, ఆఫీసులుండే సిటీ వైపు డాకులు నిండిపోతాయి. సాయంత్రం దీనికి తలకిందులు. వ్యాన్లలో సర్దుతుంటారు గానీ జనం వేగాన్ని అందుకోలేరు. మీరు ఇక్కడి అలవాటుతో ఆరింటికే బయల్దేరక్కర్లేదు. 9:30 దాటాక ట్యూబు టికెట్టు కూడా తగ్గుతుంది, అప్పటికి టవర్ హిల్ చుట్టూ సైకిళ్లు కావలసినన్ని ఉంటాయి. తిరుగు ప్రయాణం మూడున్నర లోపు పూర్తయ్యేలా చూసుకోండి. నాలుగు నుంచి ఏడు దాకా మళ్లీ ట్యూబు పీక్ రేటు.

మూడున్నర అనడానికి ఇంకో కారణం. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరులో సూర్యుడు నాలుగు లోపే మునిగిపోతాడు. మనకి డిసెంబరు అంటే పొద్దున పల్చటి మంచు, పది దాటితే ఎండ. అక్కడ పగలంతా తడి. రాలిన ఆకులు తడిసి సైకిల్ దారి మీద అట్టలా పరుచుకుంటాయి. వాటి మీద మలుపు తిరుగుతూ బ్రేకు పట్టొద్దు, ముందే వేగం తగ్గించి తిన్నగా దాటండి. చెవులు కప్పే టోపీ హెల్మెట్ కిందకి పట్టేలా పల్చటిది కొనుక్కోండి.

లాసన్స్‌బే_వాకర్

అన్నీ నోట్ చేసుకున్నాం. కార్డు మీటలు రెండూ ఇవాళే తెరిచాను. ఆఖరి సందేహం: పడి దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు?

సీతమ్మధార_శారద

అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగంలో చూపించుకుంటే డబ్బు అడగరు, అన్నయ్యగారూ. కానీ వార్డులో చేర్చుకున్నా, ఆపరేషన్ చేసినా టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లకి బిల్లు వేస్తారు, పెద్దదే ఉంటుంది. ప్రయాణ బీమా ఎలాగూ తీసుకుంటారు. అందులో సైకిల్ తొక్కడాన్ని సాహస క్రీడల జాబితాలో కలిపి మినహాయించారేమో చదవండి. వదినగారికి బీపీ, షుగర్ ఏమైనా ఉంటే అవి కూడా ఫారంలో దాచకుండా రాయండి, తర్వాత క్లెయిము అక్కడే ఆగుతుంది. అంబులెన్సు నంబరు 999.

పెదవాల్తేరు_పాన

సూట్‌కేసులో హెల్మెట్ బోర్లా పెట్టి లోపల సాక్సులు కుక్కండి, చోటు కలిసొస్తుంది.